కంప్యూటర్లోంచి ఏదో తెలీని శబ్దం వస్తందా? ఎక్కడిదో ఇలా పట్టుకోండి

మొన్నొక రాత్రి పదిన్నరకి మా పిన్ని ఫోన్ చేసింది. ఒరే ఒక్కసారి రారా, కంప్యూటర్లో ఎవరో ఆడమనిషి హిందీలో మాట్టాడతంది, నేనేమీ పెట్టలేదు, తెర మీద కూడా ఏమీ లేదు అంది. గొంతులో వణుకు ఫోన్లోనే తెలిసిపోయింది నాకు. మా బాబాయి పోయి ఏడాది కాలేదు, ఆ కంప్యూటర్ ఆయనదే, ఇంట్లో ఆవిడొక్కతే ఉంటది, అలాటప్పుడు రాత్రిపూట ఖాళీ గదిలో మాటలు వినిపిస్తే ఎవరికైనా గుండె ఆగినంత పనవుద్ది కదా. వెళ్లి చూస్తే కిందకి దించేసిన బ్రౌజర్లో పదకొండు ట్యాబులు తెరిచి ఉన్నాయి, అందులో ఒకటి పంచాంగం సైటు, ఆ పేజీ అడుగున ప్రకటన వీడియో ఒకటి దానంతటది మొదలైపోయింది. అంతే. రెండు నిమిషాల్లో ఆపేశాను, కానీ నేనొచ్చేదాకా పిన్ని లోపలికెళ్లకుండా వీధరుగు మీదే కూర్చుంది.

అందుకే ఇది రాస్తన్నా. ఒడిశాలోని మా పర్లాకిమిడిలోనే కాదు, గుణుపురం, రాయగడ, బరంపురం ఎక్కడైనా మనవాళ్ల ఇళ్లల్లో పిల్లలు చదువులకి ఉద్యోగాలకి వెళ్లిపోయాక ఆ కంప్యూటర్లు పెద్దవాళ్ల చేతికొస్తన్నాయి. ఏ చిన్న చప్పుడైనా భయపడి ఆపేసి మూల పెట్టేస్తన్నారు, లేకపోతే ఆటోలో వేసుకుని దుకాణానికి పట్టుకెళ్తన్నారు. నిజానికి సగం పైన ఇంట్లోనే తేలిపోతాయి. మాటలంటారా, ఈ ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామ్మూర్తి పంతులుగారు జనం మాట్టాడే తెలుగులోనే రాయమన్నారు, కాబట్టి సీపీయూ, ఎర్తింగ్, హార్డ్ డిస్క్ అని మనం నోటితో అన్నట్టే రాస్తన్నా.

ముందు ఒక హెచ్చరిక. శబ్దంతో పాటు కాలిన వాసన వచ్చినా, పొగ కనబడినా, చిటపటమని నిప్పురవ్వల శబ్దం వచ్చినా కింద రాసినవేవీ చెయ్యకండి, గోడ బోర్డు దగ్గర స్విచ్చాపి ప్లగ్గు పీకెయ్యండి. యూపీఎస్ ఉంటే దాన్ని కూడా ఆపాలి, ఎందుకంటే గోడ దగ్గర ఆపినా అది బ్యాటరీ మీద కరెంటు ఇస్తూనే ఉంటది.

మొదటి పని, ఫోన్ తీసి రికార్డు చెయ్యండి. ఒక అర నిమిషం చాలు, ఫోన్‌ని సీపీయూకి, అంటే కంప్యూటర్ డబ్బాకి దగ్గరగా పట్టుకుని ఒకసారి, దూరంగా ఒకసారి. తర్వాత ఒక కాగితం మీద ఎప్పుడొస్తందో రాసుకోండి. ఆన్ చేసినప్పుడేనా, గంట వాడాకనా, మౌస్ కదిపితేనా, కరెంటు హెచ్చుతగ్గులైనప్పుడా. ఇది చిన్నపనిలా కనిపిస్తది గానీ సగం రోగం ఇక్కడే తెలిసిపోద్ది.

రెండో పని అసలైంది, దీన్ని మాత్రం వదలకండి. శబ్దం స్పీకర్లోంచి వస్తందా, డబ్బాలోంచి వస్తందా తేల్చుకోవాలి. స్పీకర్ పిన్ను సీపీయూ నుంచి పీకి స్పీకర్ పవర్ కూడా ఆపండి. ల్యాప్‌టాప్ అయితే మ్యూట్ నొక్కండి. శబ్దం ఆగిందంటే అది విండోస్‌దో, బ్రౌజర్‌దో, స్పీకర్ వైరుదో. ఆగలేదంటే లోపల తిరిగేదో, కొట్టుకునేదో, పక్కనున్న యూపీఎస్సో. కొన్ని మానిటర్లలో కూడా చిన్న స్పీకర్లుంటాయి, అది మర్చిపోయి ఒకసారి నేనే చాలాసేపు వెతికాను, కాబట్టి మానిటర్ సౌండ్ కూడా తగ్గించి చూడండి.

స్పీకర్లోంచే అని తేలితే, మళ్లీ పెట్టి వినండి. మాటలు, పాటలు, ప్రకటనలు అయితే బ్రౌజర్ తెరిచి పైన ట్యాబుల వరస చూడండి, ఏ ట్యాబు మోగుతందో దాని మీద చిన్న స్పీకర్ బొమ్మ ఉంటది, కుడి క్లిక్ కొట్టి మ్యూట్ సైట్ అనండి లేదా మూసెయ్యండి. బ్రౌజరే తెరవలేదు అయినా మోగుతందంటే కింద గడియారం పక్కనున్న స్పీకర్ బొమ్మ మీద కుడి క్లిక్ చేసి వాల్యూమ్ మిక్సర్ తెరవండి. ఆ సమయానికి ఏ ప్రోగ్రామ్ శబ్దం చేస్తందో దాని పక్కన పచ్చగీతో నీలంగీతో ఎగిరి పడతా ఉంటది, ఆ పేరే మీ దొంగ. క్రోమ్‌లో ఇంకో సంగతుంది, సెట్టింగ్స్‌లో సిస్టమ్ కిందకెళ్తే క్రోమ్ మూసినా బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ నడుస్తూ ఉండాలా అని ఒక మీట ఉంటది, దాన్ని ఆపెయ్యండి.

టింగ్ టింగ్ మని మూల నుంచి చిన్న పెట్టెలు లేస్తా వాటితో శబ్దం వస్తంటే అవి నోటిఫికేషన్లు. ఏదో సైటు మీకు కబుర్లు పంపనా అనడిగితే తెలీక అలో (Allow) నొక్కేసుంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్, అక్కడ అనుమతించిన సైట్ల జాబితా ఉంటది, తెలీనివన్నీ తీసెయ్యండి. మీ కంప్యూటర్లో వైరస్సుంది ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యండి అని బిగ్గరగా అరిచే పేజీ వస్తే మాత్రం ఆ నంబర్‌కి ఫోన్ చెయ్యకండి, దయచేసి. అది మోసం. తెర నిండా వచ్చి మూసుకోకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి, అప్పటికీ పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్లో బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ చెయ్యండి.

నొక్కిన ప్రతి మీటనీ ఎవరో చదివి వినిపిస్తన్నారంటే అది నెరేటర్, చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టింది, విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే ఆన్ అవుద్ది, మళ్లీ నొక్కితే ఆగుద్ది. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ అని ఒక కూత, కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అని ఇంకో కూత. మనవలు కీబోర్డు మీద ఆడుకుని వెళ్లాక ఇవి మొదలవుతాయి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, కీబోర్డ్ కింద ఆపుకోవచ్చు.

డుండుం అని దిగినట్టు ఒకటి, మళ్లీ ఎక్కినట్టు ఒకటి, రోజంతా వస్తంటే అది యూఎస్‌బీ ఊడి తగులుకునే శబ్దం. ఏ వస్తువో తెలియాలంటే ఒకదాని తర్వాత ఒకటి పీకి పది నిమిషాలు చూడండి. ప్రింటర్ వైరు, డాంగిల్, వెబ్‌క్యామ్, ఇలా. ఎక్కువసార్లు ముందున్న యూఎస్‌బీ సాకెట్టు వదులైపోయి ఉంటది, వెనకాల మదర్‌బోర్డు (డబ్బా లోపలుండే పెద్ద సర్క్యూట్ పలక) మీద డైరెక్టుగా ఉన్న సాకెట్లో పెడితే ఆగిపోద్ది.

కూయ్‌మని చెవులు పగిలేలా మైకులో వచ్చినట్టు వస్తే మైక్రోఫోన్ మాట స్పీకర్లోకి వెళ్లి మళ్లీ మైకులోకి వస్తందన్నమాట. విండోస్ కీ, ఆర్ నొక్కి ఎంఎంసిస్ డాట్ సీపీఎల్ (mmsys.cpl) అని ఇంగ్లీషులో టైపు చేస్తే పాత సౌండ్ కిటికీ తెరుచుకుంటది, రికార్డింగ్‌లో మైక్రోఫోన్, ప్రాపర్టీస్, లిజన్ అనే చోట టిక్కు ఉంటే తీసెయ్యండి.

ఇంక స్పీకర్లోంచి మాటా పాటా కాకుండా గుయ్‌య్ మని ఆగకుండా ఒకే మోత వస్తందంటే, దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, మన వైపు ఇళ్లల్లో ఇదే ఎక్కువ, ప్రమాదమూ ఇందులోనే ఉంది.

మన కరెంటు 230 వోల్టులు, సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుద్ది. ఆ ఊపే స్పీకర్లోకి దూరి గుయ్‌మంటది. పెంకుటిళ్లల్లో, తాతల కాలం వైరింగున్న ఇళ్లల్లో మూడు కన్నాల సాకెట్టు ఉంటది గానీ పైన పెద్ద కన్నానికి, అంటే ఎర్త్‌కి, వెనకాల భూమిలోకి వెళ్లే వైరే ఉండదు. దాన్నిబట్టి ఏమవుద్దంటే, సీపీయూలో కరెంటు తీసుకునే ఎస్‌ఎంపీఎస్ డబ్బాలో ఫేజు (కరెంటు వచ్చే వైరు) నుంచి ఒకటి, న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు) నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు (కరెంటు కొద్దిగా దాచుకునే ముక్కలు) ఇనప డబ్బాకి కలిపి ఉంటాయి, అడ్డదిడ్డమైన కరెంటుని ఎర్త్‌లోకి పంపడానికి. ఎర్తే లేకపోతే అది వెళ్లే దారి లేక డబ్బా మొత్తం సుమారు సగం వోల్టేజీ మీద, అంటే నూట పదీ నూట పదిహేను దగ్గర కూర్చుంటది. సీపీయూ వెనక స్క్రూల దగ్గర చెయ్యి ఆనిస్తే చీమలు పాకినట్టు జిల్లుమంటది చూశారా, అదే ఇది. టెస్టర్ పెడితే వెలుగుద్ది కూడా. కరెంటు పాళ్లు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటది, కానీ లోపల ఇంకేదైనా పాడై ఫేజు నేరుగా డబ్బాకి తగిలిన రోజున ఎర్త్ లేకపోతే ఆ కరెంటు వెళ్లే దారి మీ ఒళ్లే.

కాబట్టి చెప్పులేసుకోకపోతే షాక్ కొడతంది, వేసుకుంటే కొట్టట్లేదు అని సర్దుకుపోకండి. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో సాకెట్టు చూడమనండి, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 దరిదాపుల్లో చూపించాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొద్ది వోల్టులే ఉండాలి. బల్బు పెట్టి మీరే చూడటం లాటివి వద్దు. ఎర్త్ గొయ్యి ఉన్న ఇల్లయితే అందులో బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపి ఉంటారు, ఎండలకి ఆ మట్టి ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే, మార్చి నుంచి అప్పుడప్పుడు బకెట్టు నీళ్లు పోస్తండాలి. మా ఇంట్లో ఆ గొయ్యి తులసికోట వెనకాల ఉంది, దానికి నీళ్లు పోసిన సాయంత్రం స్పీకర్లో మోత దాదాపు పోయింది, అప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఎర్త్ బాగానే ఉంది, అయినా మోతుంది అంటే స్పీకర్ ఒక బోర్డులో, సీపీయూ ఇంకో బోర్డులో పెట్టారేమో చూడండి. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. అదే స్పీకర్లకి టీవీ డబ్బా కూడా కలిపి ఉంటే కేబుల్ వైరు ఒకసారి పీకి చూడండి, ఆ వైరు ద్వారా కూడా మోత వస్తది. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పీకగానే మోత ఆగితే దారి దొరికినట్టే. మోత పోవాలని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లున్నారు, ఎవరు చెప్పినా ఆ పని చెయ్యొద్దు.

డిగ్ డిగ్ డిగ్ బుర్ర్ అని ఆగి ఆగి వస్తే పక్కనున్న మొబైల్ ఫోనే, ఇందులో కంగారేం లేదు. సిగ్నల్ తక్కువున్న చోట ఫోన్ ఎక్కువ పవర్‌తో పనిచేస్తది, మహేంద్రగిరి వైపు కొండ ఊళ్లల్లో ఇది ఎక్కువ వినిపిస్తది. ఫోన్ రెండడుగుల దూరంలో పెట్టండి.

స్పీకర్ పీకినా శబ్దం ఆగలేదా, అయితే సీపీయూ మీద చెయ్యి వేసే ముందు యూపీఎస్‌ని చూడండి. కంప్యూటర్ కూస్తంది అని నన్ను పిలిచిన ఇళ్లల్లో చాలాసార్లు కూసింది యూపీఎస్సే. కొద్ది కొద్ది సెకన్లకొకసారి బీప్ అంటే కరెంటు లేక బ్యాటరీ మీద నడుస్తందని, గబగబా కొడితే బ్యాటరీ అయిపోతందని, ఆగకుండా కూస్తే మోయలేని బరువు పెట్టారని లేదా బ్యాటరీ చచ్చిందని, కంపెనీని బట్టి కొంచెం మారతది. లేజర్ ప్రింటర్ యూపీఎస్‌లో పెట్టకండి, వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా లాగుద్ది. బీప్ కాకుండా టక్, టక్ అంటంటే వోల్టేజీ ఎక్కి దిగినప్పుడు లోపల రిలే అనే స్విచ్చు మారే శబ్దం, సాయంత్రం పూట మోటర్లు వేసే వేళకి ఎక్కువగా ఉంటది, అది పాడవ్వడం కాదు. మామూలు ఇళ్ల యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉంటది, రెండు మూడేళ్లకి నీరసిస్తది, బ్యాటరీ ఒక్కటి మారిస్తే చాలు.

ఆన్ చెయ్యగానే బీప్ బీప్ అని కూసి తెర నల్లగా ఉండిపోతే అది మదర్‌బోర్డు చెప్తన్న మాట. ఎన్ని కూతలకి ఏది అర్థమో బోర్డు తయారుచేసినవాళ్లని బట్టి మారతది, మీ మోడల్ పేరుతో వెతుక్కోవాలి, కానీ పాత కంప్యూటర్లలో ఎక్కువగా ర్యామ్, అంటే పని చేస్తన్నంతసేపు కంప్యూటర్ వాడుకునే మెమరీ కర్ర. వానాకాలం తేమకి ర్యామ్ కాళ్ల మీద మడ్డి పడుద్ది. ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఓ పది సెకన్లు నొక్కి పట్టుకుని, సీపీయూ పక్క తలుపు తీసి, ఇనప డబ్బాని ఒకసారి ముట్టుకుని, ర్యామ్‌కి రెండు చివర్లా ఉన్న చెవులు వంచితే కర్ర పైకి లేస్తది. అంచులు పట్టుకుని బంగారు రంగు కాళ్ల మీద పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి, రబ్బరు నల్లగా అవుద్ది, కాళ్లు మెరుస్తాయి. పొడి దులిపి మళ్లీ టిక్ మనేదాకా రెండు వైపులా సమానంగా నొక్కి పెట్టండి. ఇది దుకాణంలోనూ ఇలాగే చేస్తారు.

బుయ్‌మని, గరగరమని, టకటకమని తిరిగే శబ్దం వస్తే ఫ్యాను. ఏ ఫ్యానో తెలీడానికి పాత పేపరు ఒకటి గొట్టంలా చుట్టి ఒక కొస చెవి దగ్గర, ఇంకో కొస డబ్బా చుట్టూ తిప్పండి, శబ్దం ఎక్కడ గట్టిగా వస్తందో అక్కడే. ఇంకా తేలకపోతే పక్క తలుపు తీసి ఆన్ చేసి, ఫ్యాన్ నడిమధ్య స్టిక్కర్ ఉన్న బొడిపెని పెన్సిల్ రబ్బరు వైపుతో ఒక్క సెకను నొక్కి ఆపండి, శబ్దం ఆగితే అదే. రెక్కలకి పెట్టకండి, పిల్లల్ని దగ్గరకి రానివ్వకండి.

మా వీధి చివర మాస్టారి ఇంట్లో చేసింది చెప్తాను. టిక్‌టిక్‌టిక్ అని గడియారంలా, కానీ చాలా వేగంగా కొడతంది, ఆయన ఫైళ్లన్నీ ఉండే హార్డ్ డిస్క్ పోయిందనుకుని దిగులు పడిపోయారు. వరండాలో పేపర్లు పరిచి తలుపు తీస్తే ప్రాసెసర్ (లెక్కలన్నీ చేసే చిప్పు) మీదున్న ఫ్యాన్ చుట్టూ దుమ్ము దుప్పటిలా పేరుకుపోయి ఉంది, లారీలు తిరిగే రోడ్డు మీద ఇల్లది. మూలన బల్లి గుడ్ల పెంకులు రెండు, తెల్లగా సున్నపు ముక్కల్లా అతుక్కుని ఉన్నాయి. టిక్కుటిక్కు మాత్రం ఒక సన్నటి ఎర్ర వైరుది, కట్టిన టేపు ఊడి రెక్కలకి అంచుగా తగులుతంది, తగిలి తగిలి వైరు పైన తొడుగు సగం చెక్కేసి ఉంది. ఇంకో నెల అలాగే వదిలేస్తే షార్టయ్యేది. వైరుకి టేపు చుట్టి పక్కకి లాగి కట్టేశాం. అంతే.

దుమ్ము దులిపేటప్పుడు ప్లగ్గు పీకి, మెత్తటి పెయింటు బ్రష్షు వాడండి, బ్లోయర్ కొడితే ఫ్యాన్ రెక్కని వేలితో ఆపి కొట్టండి, లేకపోతే గాలికి విపరీతమైన వేగంతో తిరిగి బేరింగు పాడవుద్ది. తడిగుడ్డ వద్దు. దులిపినా గరగర పోకపోతే బేరింగు అరిగింది, ఫ్యాన్ మార్చుకోవడమే. ప్రాసెసర్ ఫ్యాన్ విప్పితే దాని కింద వేడి లాగే పాత పేస్టు తుడిచి కొత్తది బఠాణీ గింజంత పెట్టాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి, ప్లగ్గు పీకాక కూడా అందులో కెపాసిటర్లు షాక్ కొట్టేంత కరెంటు దాచుకుని ఉంటాయి.

కీ... అని దోమ పాడినట్టు సన్నగా, గేమ్ ఆడినప్పుడో పేజీ జరిపినప్పుడో వస్తంటే లోపలి కాయిల్స్ (తీగ చుట్టలు) వణుకు, చిరాకే గానీ నష్టం లేదు.

ఇక హార్డ్ డిస్క్. ఆన్ చేసినప్పుడు జుయ్‌మని తిరగడం, పని చేస్తంటే లోపల గింజలు కదిలినట్టు మెల్లగా గుసగుసలాడటం మామూలే. కానీ టక్... టక్... టక్ అని ఒకే తాళంలో కొట్టడం, లేదా తిరిగి ఆగి మళ్లీ తిరగడం, ఇది వింటే చేస్తన్న పని వెంటనే ఆపండి. లోపల పళ్లేల మీద కదిలే చెయ్యి దారి దొరక్క వెనక్కి వచ్చి కొట్టుకునే శబ్దమది. బయట పెట్టుకునే డిస్క్ అయితే ముందు వైరు మార్చి వెనక సాకెట్లో పెట్టి చూడండి, కరెంటు చాలకపోయినా అలాగే కొడతది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా జిల్లా మీంచి పోయినప్పుడు కరెంటు లేక రోజుల తరబడి కంప్యూటర్ ముట్టుకోలేదు. కరెంటొచ్చాక వేస్తే టక్ టక్ మంది. నాకప్పుడు తెలీదు, విండోస్ రావట్లేదని ఆపి వేసి, ఆపి వేసి, రోజంతా ఓ ఇరవైసార్లు వేశాను. సాయంత్రానికి డిస్క్ కనబడ్డమే మానేసింది. అందులో మా అమ్మ అట్లతద్ది పాటలు పాడింది ఉంది, నేనే రికార్డు చేశాను, ఇంకెక్కడా లేదు. మొదటి టక్కు వినగానే ఆపేసి ఉంటే ఎవరో ఒకరు తీసిచ్చేవారేమో అని ఇప్పటికీ అనిపిస్తది.

అందుకని ఇది వరసగా చెయ్యండి. డిస్క్ ఇంకా తెరుచుకుంటంటే మొట్టమొదట ఫొటోలు, పట్టాల స్కానులు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంకెక్కడా దొరకనివి ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. సినిమాలు తర్వాత. ఎక్కించాక క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఫ్రీ ప్రోగ్రామ్ ఉంది, దాంట్లో గుడ్ అని నీలంగా ఉంటే ఫర్వాలేదు, కాషన్ అని పసుపు, బ్యాడ్ అని ఎరుపు వస్తే డిస్క్ మార్చాలి. 05, సీ5, సీ6 అనే వరసల్లో రా వాల్యూ (Raw Values) గడిలోని అంకె సున్నా దాటి రోజురోజుకీ పెరుగుతంటే ఆలస్యం చెయ్యకండి. ఎక్కించకముందు చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ ప్రోగ్రామ్) నడపకండి, అది చచ్చిపోతన్న డిస్క్ చేత పరుగు పందెం పెట్టించడమే. ఫ్రిజ్‌లో పెట్టడం, తట్టడం, మూత విప్పడం, ఏవీ వద్దు. అస్సలు తెరుచుకోకపోతే ప్లగ్గు పీకి అలాగే ఉంచి డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి, బరంపురమో విశాఖో వెళ్లాల్సొచ్చినా సరే, ఖర్చు ఎక్కువే, ముందే ఎంతవుద్దో అడగండి.

మార్చేటప్పుడు ఎస్‌ఎస్‌డీ అనే చిప్పుల డిస్క్ వేయించుకోండి, తిరిగేది ఏదీ ఉండదు కాబట్టి చప్పుడే ఉండదు. కానీ అది పోయేటప్పుడు కూడా చప్పుడు చెయ్యకుండానే పోద్ది, కాబట్టి కాపీ ఇంకోచోట ఉంచుకోవడం మాత్రం మానకండి.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే దుకాణానికి తీసుకెళ్లండి. మీ ఫైళ్లు కాపీ చేసుకున్నాకే ఇవ్వండి, ఫార్మాట్ కొట్టొద్దని ముందే చెప్పండి, మార్చిన పాత సామాను తిరిగి అడిగి తీసుకోండి. అక్కడి అబ్బాయికి తెలుగొచ్చినా ఒడియా ఒక్కటే వచ్చినా, నోటితో చెప్పేకంటే మొదట్లో ఫోన్లో రికార్డు చేసుకున్నారు చూడండి, అది వినిపించండి. ఎందుకంటే ఇంట్లో వారం రోజులు మోగిన సీపీయూ ఆ టేబుల్ మీద పెట్టగానే ఎక్కువసార్లు నోరు మెదపదు.